గిరిజకి చీర కట్టాల్సిన రోజు

తేజేశ్వర్ చెడ్డవాడు కాదు. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది. లేకపోతే కథ సగంలోకి వచ్చేసరికి మీరు అతన్ని తిట్టడం మొదలుపెడతారు, మిమ్మల్ని ఆపడం నా వల్ల కాదు. అమెరికాలో, సియాటిల్ పక్కన రెడ్‌మండ్‌లో పాతికేళ్ళుగా కంప్యూటర్ ముందు కూర్చుని నడుం నొప్పి తెచ్చుకున్న మనిషి. భార్య శ్రీవిద్య రెండు సార్లు తుమ్మితే చాలు, మిరియాల పాలు కాచి గ్లాసుతో సహా ఎదురుగా నిలబడతాడు. ఆమె కంట నీరు కనిపిస్తే మాత్రం అతనికి కాళ్ళూ చేతులూ ఆడవు. ఆ ఏడుపు ఆగాలి, ఎలాగైనా ఆగాలి, అంతే. ఆ తర్వాత సంగతి ఆ తర్వాత.

మే నెల రెండో వారంలో వాళ్ళిద్దరూ ఒక ఆర్‌వీ అద్దెకు తీసుకుని పసిఫిక్ సముద్రం ఒడ్డున ఒలింపిక్ తీరానికి బయల్దేరారు. పాతిక అడుగుల బండి. అందులోనే పొయ్యి, సింకు, మంచం, తిరిగితే మోచేతులు గోడకి కొట్టుకునే స్నానాలగది. కూతురు రిషిత కాలేజీకి వెళ్ళాక ఇల్లు బోసిపోయిందని తేజేశ్వర్ జనవరిలోనే బుక్ చేశాడు. గురువారం వెళ్ళి సోమవారం తిరిగి రావడం. ఇంటి నుంచి నాలుగు గంటల దారి.

ఈ ప్రయాణం మానేద్దామని శ్రీవిద్య మూడుసార్లు అంది. కారణం గిరిజ. న్యూజెర్సీలో, పిస్కాటవేలో, గిరిజ ఆఖరి రోజుల్లో ఉంది. పాంక్రియాస్ కాన్సర్. ఇంకో మూడు వారాలు ఉండొచ్చని డాక్టర్లు చెప్పారు. వచ్చే గురువారానికి శ్రీవిద్య టికెట్ కొనుక్కుని పెట్టుకుంది, ఆఖరిదాకా అక్కడే ఉండేలా. "ఈ నాలుగు రోజుల్ల నాకేం కాదుగని, పోయి తిరిగి రా. వచ్చినంక నాకు సేవలు చేద్దువు గని," అని గిరిజే ఫోన్లో కసిరి పంపింది.

గిరిజ ఎవరని అడుగుతారేమో. చుట్టం కాదు. శ్రీవిద్య కాకినాడ నుంచి, గిరిజ కరీంనగర్ నుంచి ఒకే సంవత్సరం మాస్టర్స్‌కి వచ్చారు. పిస్కాటవేలో రెండు గదుల అపార్ట్‌మెంట్‌లో ఆరుగురు ఆడపిల్లలు. ఒకే పరుపు మీద పడుకున్నది వీళ్ళిద్దరూ. తర్వాత శ్రీవిద్యకి పెళ్ళయి రెడ్‌మండ్ వచ్చేసింది. గిరిజ పెళ్ళి మాట తలపెట్టకుండా మందుల కంపెనీ ల్యాబ్‌లో చేరి అక్కడే ఉండిపోయింది. ఇరవై రెండేళ్ళ కాపురంలో రోజూ సాయంత్రం ఆరింటికి వాళ్ళిద్దరి ఫోన్ మోగని రోజు లేదు. ఆ అరగంటా తేజేశ్వర్ కూరలు తరుక్కుంటూ, తన ఇంట్లో తనే పరాయివాడైనట్టు కూర్చునేవాడు. కొంచెం కుళ్ళు ఉండేది, ఎందుకు దాచాలి.

అంత చదువు చదివిన గిరిజకి చీర కట్టుకోవడం రాదు! కుచ్చిళ్ళు జారిపోతాయి, పైట నేల ఊడుస్తుంది. దీపావళి ఫంక్షన్ అయినా, ఎవరి పెళ్ళి అయినా శ్రీవిద్యే కట్టాలి. ఏడాదికోసారి కలిసినా ఆ పని శ్రీవిద్యదే. అందుకే ఫిబ్రవరిలో, ఇంక మందులు పనిచేయవని తేలిపోయాక, గిరిజ స్పీకర్‌లో అంది: "ఇగో విద్యా, విను. నేను పోయినంక ఆ శవాల్ని తయారుజేసే ఫ్యునరల్ హోమోళ్ళ చేతిల నన్ను పెట్టకు. వాళ్ళకేం తెలుసు చీర సంగతి? నా గద్వాల చీర బీరువాల పైన్నే ఉంటది. నువ్వే వచ్చి కట్టాలె. మాటియ్యి."

"ఛీ, అవేం మాటలే!" అంది శ్రీవిద్య.

"మాటియ్యి ముందు."

"ఇచ్చాను. నేనే కడతాను. ఇంకెవర్నీ ముట్టుకోనివ్వను. సరేనా?"

తేజేశ్వర్ ఆ మాటలన్నీ విన్నాడు. బెండకాయలు తరుగుతూ విన్నాడు. ఆ రాత్రి శ్రీవిద్య నిద్రపోలేదు, ఆ తర్వాత కూడా సరిగ్గా నిద్రపోయిన రోజు లేదు. మూడు నెలల్లో మనిషి సగమైంది.

ఇక ఆ తీరంలో వాతావరణం సంగతి. పొద్దున ఎండ. పదింటికి ముసురు. మధ్యాహ్నం వడగళ్ళు టపటపా బండి పైకప్పు మీద పడి, మాట్లాడితే మాట వినపడదు. వాటి వెనకే ఏమీ ఎరగనట్టు మళ్ళీ ఎండ. వెదర్ చూద్దామంటే ఫోన్లో సిగ్నల్ సున్నా. క్యాంపు స్థలానికి మైలు దూరంలో ఒక చిన్న దుకాణం ఉంది, దాని వరండాలో వైఫై దొరుకుతుంది. గురువారం సాయంత్రం శ్రీవిద్య అక్కడికి నడిచి వెళ్ళి గిరిజతో మాట్లాడి వచ్చింది. "నీరసంగా ఉంది. అయినా నన్ను తిట్టింది, పర్లేదు," అంది వచ్చాక.

శుక్రవారం పొద్దున టీ తాగుతుండగా ఎక్కడినుంచో గాలి లేచింది. బండి పక్కన చాపిన గుడ్డ పందిరి లేచి కొట్టుకోవడం మొదలుపెట్టింది. తేజేశ్వర్ పరుగెత్తి దాని కమ్మీ పట్టుకుని వేళ్ళాడాడు. పందిరి మీద నిలిచిన నీళ్ళన్నీ ఒక్కసారిగా అతని నెత్తిన పడ్డాయి. ఒక చెప్పు ఎటో కొట్టుకుపోయింది. గుమ్మంలో నిలబడి శ్రీవిద్య నవ్వింది. కడుపు పట్టుకుని, మెట్టు మీద కూలబడి, "అయ్యో అయ్యో ఏవండీ" అంటూ నవ్వింది. ఫిబ్రవరి తర్వాత ఆ నవ్వు వినడం అదే మొదలు. తడిసి ముద్దయిన తేజేశ్వర్‌కి ఏడుపొచ్చినంత పనయింది.

"పకోడీలు వేస్తాను, మీరు వెళ్ళి పాలు తెండి," అంది.

పన్నెండున్నరకి అతను దుకాణం వరండాలో ఉన్నాడు. ఫోన్ వరసగా మోగింది. దేదీప్య నుంచి మెసేజ్‌లు. దేదీప్య గిరిజ ల్యాబ్‌లో చేరిన ఇరవై మూడేళ్ళ పిల్ల, ఇక్కడే పుట్టి పెరిగింది. ఈ ఆరు నెలలూ గిరిజని ఆసుపత్రికి తిప్పింది ఆ పిల్లే. ఫోన్ చేస్తే మొదటి రింగుకే ఎత్తింది.

"అంకుల్, గిరిజ ఆంటీ... ఈ రోజు మార్నింగ్. స్లీప్‌లోనే," అని ఆగింది. ముక్కు చీదుకున్న చప్పుడు. "ఫ్యునరల్ సండే టెన్‌కి. వాళ్ళ బ్రదర్‌కి వీసా రాదు, ఇంక వెయిట్ చేయద్దు అన్నాడు. శారీ కట్టడానికి నైన్‌కి రమ్మన్నారు. విద్య ఆంటీ ఫోన్ కలవట్లేదు అంకుల్. ఆంటీ వస్తుంది కదా?"

ఇక్కడ ఆగి లెక్క చూడండి. శుక్రవారం మధ్యాహ్నం. నాలుగు గంటలు డ్రైవ్ చేస్తే సియాటిల్ విమానాశ్రయం. రాత్రి ఫ్లైట్ ఎక్కితే శనివారం పొద్దున్నకి న్యూజెర్సీ. ఇంకా ఒక రోజు మిగులుతుంది కూడా. ఇదంతా తేజేశ్వర్‌కి తెలియదా? కోడ్ రాసి బతికేవాడు, ఆ లెక్క రాకుండా ఎలా ఉంటుంది.

కానీ అతనికి ఆ నవ్వు గుర్తొచ్చింది. బండిలో నాలుగు గంటలు ఏడుస్తుంది. విమానంలో ఏడుస్తుంది. అక్కడ శవం దగ్గర... అమ్మో! గిరిజ ఎలాగూ పోయింది, ఇప్పుడు వెళ్తే మాత్రం లేచి వస్తుందా? పోనీ చుట్టమా అంటే కాదు. మైల లేదు, పదకొండు రోజులు పట్టాల్సిన పని లేదు. సొంత అక్కో చెల్లెలో అయితే దాచగలడా? ఛ, దాచడు. స్నేహితురాలే కదా. సోమవారం ఇంటికెళ్ళాక నెమ్మదిగా చెప్పొచ్చు. ఇలా ఒకదాని మీద ఒకటి పేర్చుకున్నాడు. చుట్టరికాన్ని బట్టి దుఃఖాన్ని కొలిచే అలవాటు మనలో ఎంతమందికి లేదు చెప్పండి! అతనొక్కడినీ అనేం లాభం.

"రోడ్డు మూసేశారమ్మా," అన్నాడు. "గాలివానకి చెట్లు పడ్డాయి. రెండు మూడు రోజులు కదల్లేం."

"ఓ మై గాడ్. ఆంటీ ఓకేనా? ఆంటీతో మాట్లాడొచ్చా?"

"పడుకుంది. బాగా ఏడ్చి పడుకుంది. నువ్వు కానివ్వు తల్లీ, ఎవరైనా పెద్దవాళ్ళ సాయం తీసుకో."

పాలు కొనడం మర్చిపోయి వానలో తడుస్తూ వెనక్కి వచ్చాడు. శ్రీవిద్య చూసి, "పాలు తెమ్మంటే వానలో తడిసి రావడం ఒక్కటే తెలుసు మీకు," అని మళ్ళీ నవ్వింది. పకోడీలు పెట్టింది. అతను తిన్నాడు. తినగలిగాడు, అదీ విషయం.

శుక్రవారం సాయంత్రం ఆరింటికి ఆమె గొడుగు తీసింది, గిరిజకి ఫోన్ చేయాలని. బయట కుండపోత. "ఈ వానలో ఎక్కడికి, జారి పడతావు, రేపు చేద్దువులే," అన్నాడు. నిజంగానే వాన. శనివారం పొద్దున చూస్తే ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. వాన సాకు పోయింది. "పద, అడవి చూడాలన్నావుగా," అని దుకాణానికి ఎదురు దిక్కున, నాచు వేళ్ళాడే చెట్ల మధ్యకి ఆమెని తీసుకుపోయాడు. రోజంతా తిప్పాడు. ఆమె ఆ చెట్ల కింద నడుస్తూ, "గిరిజ చూస్తే ఇవన్నీ దెయ్యాల జుట్టు అంటుంది," అంది. "గురువారం వెళ్ళాక దానికి ఈ ఫొటోలన్నీ చూపించాలి. కళ్ళు తెరిచే ఓపిక ఉంటుందంటారా?"

"ఉంటుందిలే," అన్నాడు తేజేశ్వర్. అనగలిగాడు ఆ మాట కూడా.

తిరిగి వచ్చేసరికి వడగళ్ళు. ఆమె మంచం మీద వాలి నిద్రపోయింది. అతను రొట్టె వంకతో ఒక్కడే దుకాణానికి వెళ్ళాడు. వెళ్ళకపోయినా బాగుండేది. దేదీప్య మెసేజ్ ఉంది, సగం తెలుగు, సగం ఇంగ్లీషు, ఇంగ్లీషు అక్షరాల్లోనే అంతా: తెలిసిన ఆంటీలందర్నీ అడిగాను అంకుల్. ఒకరింట్లో పెళ్ళి ఉందట, ఇంకొకరు రిలేటివ్ కాకుండా బాడీ ముట్టుకోకూడదట, ఇంకొకరికి భయమట. చూడ్డానికి వస్తామంటున్నారు, కట్టడానికి ఎవరూ రామన్నారు. నాకు శారీ రాదు, ముందే కుచ్చిళ్ళు స్టిచ్ చేసి అమ్మేవే వేసుకుంటాను. సండే మార్నింగ్ విద్య ఆంటీ వీడియో కాల్‌లో ఉండి చెప్తుందా? ఐ కెన్ డూ ఇట్ ఇఫ్ షీ టెల్స్ మీ. ప్లీజ్.

తేజేశ్వర్ ఆ వరండాలో పది నిమిషాలు నిలబడ్డాడు. మొదటి అబద్ధం జాలితో ఆడాడని అనుకుందాం, సరే. ఇప్పుడు ఈ దారి ఎదురుగా తెరిచి ఉంది. పరుగున వెళ్ళి ఆమెని లేపి, కాళ్ళు పట్టుకుని, జరిగింది ఇదీ అని చెప్పి, రేపు పొద్దున ఇదే వరండాలో కూర్చోబెడితే చాలు. ఆమె చెప్తుంది, ఆ పిల్ల కడుతుంది. మాట సగమైనా నిలబడుతుంది. కానీ అలా చేస్తే నిన్నటి నుంచి దాచానని ఒప్పుకోవాలి. రోడ్డు మూసేశారన్నది అబద్ధమని ఒప్పుకోవాలి. నిన్న జాలి, ఇవాళ పిరికితనం. ఇలా టైప్ చేశాడు: ఇక్కడ సిగ్నల్ నిలవదమ్మా. యూట్యూబ్‌లో చూసి కట్టు. నీకు పుణ్యం ఉంటుంది.

పుణ్యమట! ఆ మాట రాసిన చేతిని ఏమనాలో నాకు తెలియదు.

ఆదివారం తెల్లవారకుండానే అతనికి మెలకువ వచ్చింది. అక్కడి తొమ్మిది ఇక్కడి ఆరు. సన్నని చినుకు. పక్కన శ్రీవిద్య ఒక చెయ్యి చెంప కింద పెట్టుకుని హాయిగా నిద్రపోతోంది. మూడు నెలల తర్వాత వచ్చిన నిద్ర. ఆమెని చూస్తూ కూర్చున్నాడు. ఆరున్నర. ఇప్పుడు కడుతూ ఉంటుంది ఆ పిల్ల. ఏడు. జనం వస్తుంటారు. తొమ్మిది. అయిపోయి ఉంటుంది. నీచమైన మాటే కానీ నిజం చెప్పాలి, తొమ్మిది దాటాక అతనికి గుండెల మీంచి బరువు దిగినట్టనిపించింది. ఇంక చేయడానికి ఏమీ లేదు కాబట్టి ఇంక తప్పు చేయడానికి కూడా ఏమీ లేదు అనుకున్నాడు. టిఫిన్ తిన్నాక మళ్ళీ పడుకున్నాడు, నిద్ర పట్టింది.

లేచేసరికి పదకొండు. కిటికీ నిండా ఎండ. మంచం మీద ఆమె లేదు, బండిలో లేదు, గుమ్మం దగ్గర ఆమె బూట్లు లేవు.

ఆ మైలు దూరం తేజేశ్వర్ పరుగెత్తాడు. యాభై దాటిన మనిషి, మోకాళ్ళు అరిగినవాడు. దుకాణం వరండాలో బెంచీ మీద శ్రీవిద్య కూర్చుని ఉంది. ఒడిలో ఫోన్. ఏడవడం లేదు. అది చూసి అతనికి ఇంకా భయమేసింది.

"ఎప్పుడు తెలిసింది మీకు?" అంది, తల ఎత్తకుండా.

"విద్యా..."

"ఎప్పుడండీ?"

"శుక్రవారం."

"శుక్రవారం ఎన్నింటికి?"

"పన్నెండున్నరకి."

ఆమె పెదవులు కదిలాయి, లెక్క పెట్టుకుంటున్నట్టు. "పకోడీలకి ముందా, తర్వాతా?"

అతను చూపు దుకాణం తలుపు వైపు తిప్పాడు.

"ముందే అన్నమాట," అంది. "తిన్నారు మీరు. రెండోసారి కూడా వేయించుకున్నారు."

"నువ్వు నవ్వావు విద్యా ఆ రోజు. ఎన్నాళ్ళకో నవ్వావు. నాకు నోరు రాలేదు. దేవుడి మీద ఒట్టు, నిన్ను ఏడిపించలేక..."

ఆమె ఫోన్ అతని వైపు తిప్పింది. దేదీప్య పంపిన ఫొటో. పూల మధ్య గిరిజ, చిక్కి సగమైన ముఖం. గద్వాల చీర. కుచ్చిళ్ళు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, అయినా ఎంతో శ్రద్ధగా పిన్నులు పెట్టి ఉన్నాయి. పైట కుడి భుజం మీద ఉంది.

తేజేశ్వర్ చూశాడు. ఏదో ఒకటి అనాలి, ఊరుకోకూడదు అనుకున్నాడు. "గుజరాతీ వాళ్ళు అలాగే వేసుకుంటారు కదా," అన్నాడు. "ఎవరూ పట్టించుకుని ఉండరు."

అయ్యో తేజేశ్వర్! శ్రీవిద్య అతన్ని చూసిన చూపు అతను బతికినన్నాళ్ళూ మర్చిపోడు. కోపం కూడా లేదు అందులో. ఈయనెవరు, నా పక్కన ఎందుకు నిలబడ్డాడు అన్నట్టు చూసింది.

అప్పుడే ఫోన్ మోగింది. దేదీప్య. శ్రీవిద్య ఎత్తింది.

"ఆంటీ?" అంది ఆ పిల్ల. "ఆంటీ, మెసేజ్ చూశారా? ఆర్ యూ ఓకే? రోడ్ ఓపెన్ అయిందా?"

శ్రీవిద్య కళ్ళు మూసుకుంది. "ఇప్పుడే అయింది తల్లీ," అంది.

"నేను ట్రై చేశాను ఆంటీ. వీడియో పాజ్ చేసుకుంటూ, పాజ్ చేసుకుంటూ కట్టాను. ఫ్యునరల్ హోమ్ లేడీ హెల్ప్ చేసింది. ఆంటీ చాలా లైట్‌గా ఉంది, ఈజీగా లిఫ్ట్ చేశాం..." అంటూ ఏడ్చింది. మళ్ళీ తనే అంది, "సారీ ఆంటీ. మీరే కట్టాలని గిరిజ ఆంటీ లాస్ట్ వీక్ కూడా చెప్పింది. విద్య వస్తది, విద్య కడతది అనింది. సరిగా కట్టానా? పైట లెఫ్ట్‌కే కదా వెయ్యాలి? ఆంటీ అలా పడుకుని ఉంటే నాకు లెఫ్ట్ ఎటో, రైట్ ఎటో కన్‌ఫ్యూజ్ అయింది."

వరండా ముందు నుంచి ఒక కారు వెళ్ళింది.

"సరిగ్గానే వేశావమ్మా," అంది. "ఎంత బాగా కట్టావు! నేను కట్టినా అంతే కట్టేదాన్ని. నీ చేతులకి దణ్ణం పెట్టాలి. నువ్వింక ఏడవకు. అన్నం తిన్నావా? తిను ముందు. నేను వస్తున్నాను, వచ్చి నిన్ను చూస్తాను."

అటునుంచి ఆ పిల్ల ఊపిరి తేలిగ్గా తీసుకున్న చప్పుడు తేజేశ్వర్‌కి కూడా వినిపించింది. ఫోన్ పెట్టేశాక శ్రీవిద్య తెర మీద ఆ ఫొటోని బొటనవేలితో తడిమింది, కుడి భుజం దగ్గర, జరపగలిగితే జరుపుదామన్నట్టు.

తేజేశ్వర్‌కి ఆ క్షణంలో ఎక్కడో చిన్న ఆశ పుట్టింది. పక్కన కూర్చున్నాడు. "చూశావా," అన్నాడు నెమ్మదిగా, "నువ్వు కూడా ఆ పిల్ల బాధపడకూడదనే కదా అలా చెప్పావు. నేనూ అంతే విద్యా. నేను చేసిందీ అదే."

శ్రీవిద్య లేచింది. అప్పుడు ఏడ్చింది, నిలబడే, కళ్ళు తుడుచుకోకుండా.

"ఆ పిల్ల ఇంక చేయగలిగింది ఏమీ లేదండీ," అంది. "శుక్రవారం నాటికి నాకు ఇంకా రెండు రోజులున్నాయి."